నెట్‌ను తింటున్నది ఎవరో తేల్చే సాధనాన్ని ఎంచుకోవడం

హనుమకొండలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో రోజూ మధ్యాహ్నం రెండు దాటగానే నెట్ మందగించేది. ల్యాబులో ఒక్క పేజీ తెరుచుకోవడానికి నిమిషం పట్టేది, ఆఫీసులో ఫీజు రసీదు మధ్యలో ఆగిపోయేది, నాలుగు దాటితే మళ్లీ అంతా మామూలైపోయేది. లైను ఇచ్చిన ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే వచ్చిన కుర్రవాడు తన ల్యాప్‌టాప్ తగిలించి చూసి, ‘సార్, మా దిక్కు నుంచి లైన్ మంచిగనే వస్తున్నది, మీ లోపల్నే ఏదో తింటున్నది’ అని చెప్పి వెళ్లిపోయాడు. అతని మాట నిజమేనని తర్వాత తేలింది. ఆ తినేది ఏమిటో పట్టుకోవడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. అందులో రెండున్నర వారాలు నేను ఎంచుకున్న సాధనం ఆ పనికి తగనిది కావడం వల్లనే పోయాయి.

ఆ రోజుల్లో నేను చేసిందేమిటంటే, పేరున్న ఒక పెద్ద పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌ను పాత డెస్క్‌టాప్‌లో ఎక్కించి, రౌటర్‌కు జోడించి, గోడకున్న టీవీలో రెండు డజన్ల గ్రాఫులు పరుగెత్తించడం. చూడటానికి ఘనంగానే ఉండేది. రెండు గంటలకు గీత లేస్తున్నదని ప్రతి గ్రాఫూ చెప్పింది. ఆ సంగతి అటెండర్‌కు కూడా తెలుసు. ఎవరి వల్ల లేస్తున్నదో ఒక్కటీ చెప్పలేదు, చెప్పే వీలూ లేదు. భవనంలో నెట్ తీగలను గదులకు పంచే ఏడు స్విచ్చులూ లాగిన్ పేజీ అన్నదే లేని సాదా స్విచ్చులు. కళాశాల ట్రాఫిక్ అంతా ఒకే ముద్దగా రౌటర్‌లోని ఒకే పోర్టు గుండా వస్తున్నది. ముద్ద బరువు తూచే కాటాను తెచ్చి, అందులో ఎవరి వాటా ఎంతో చెప్పమని అడిగాను. అందుకే ఇక్కడ సాధనాల పేర్లకంటే ముందు క్రమాన్ని చెబుతున్నాను: మొదట మనకు కావలసిన జవాబు ఏమిటో, తర్వాత మన దగ్గరున్న పెట్టె ఆ జవాబు చెప్పగలదో లేదో, ఆ పైననే సాఫ్ట్‌వేర్.

చెరువు, తూము, నీరటి

ఓరుగల్లు ప్రాంతంలో పుట్టినవారికి ఈ విషయం చెరువు పోలికతో తొందరగా పట్టుబడుతుంది. తూము దగ్గర నిలబడి ఈ పూట ఎంత నీరు కిందికి పోయిందో లెక్కపెట్టడం ఒక పద్ధతి. ఏ రైతు మడికి ఎప్పుడు వదిలారో, ఎంతసేపు పారిందో నీరటిని అడిగి తెలుసుకోవడం రెండో పద్ధతి. కాలువలో ముంత ముంచి, వచ్చిన నీళ్లు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా అని చూడటం మూడో పద్ధతి. నెట్‌వర్క్ సాధనాలన్నీ చివరికి ఈ మూడింటిలో ఏదో ఒకటి చేస్తాయి, లేదా రెండు మూడు కలిపి చేస్తాయి.

తూము లెక్కకు నెట్‌వర్క్‌లో వాడే పద్ధతి ఎస్ఎన్ఎంపీ. 1988లో మొదలైన ఈ పద్ధతిలో రౌటర్ గానీ స్విచ్ గానీ తన ప్రతి పోర్టు గుండా ఇప్పటివరకు ఎన్ని బైట్లు వచ్చాయో, ఎన్ని పోయాయో ఒక అంకెగా దాచుకుంటుంది. మన సాఫ్ట్‌వేర్ కొన్ని నిమిషాలకు ఒకసారి యూడీపీ 161 పోర్టు (ఇది తీగ తగిలించే పోర్టు కాదు, ప్రోగ్రాంలు మాట్లాడుకునే తలుపు నంబరు) ద్వారా ఆ అంకె అడిగి, ముందటి అంకెను తీసివేసి, గడిచిన సెకన్లతో భాగించి వేగం చెబుతుంది. పరికరం మీద భారం దాదాపు ఉండదు, ఏళ్ల తరబడి లెక్క దాచుకోవచ్చు. అయితే పోర్టు దాటి లోపలికి చూపు పోదు.

నీరటి లెక్కకు నెట్‌ఫ్లో, ఐపీఫిక్స్, ఎస్‌ఫ్లో అనే పద్ధతులున్నాయి. నెట్‌ఫ్లోను 1996లో సిస్కో తెచ్చింది. అదే దారిలో తర్వాత అన్ని కంపెనీలకూ ఉమ్మడి ప్రమాణంగా ఐపీఫిక్స్ వచ్చింది. ఏ చిరునామా (ఐపీ అడ్రస్) నుంచి ఏ చిరునామాకు, ఏ పోర్టు మీద, ఎన్ని బైట్లు, ఏ సమయం నుంచి ఏ సమయం దాకా పోయాయో రౌటర్ ఒక చిన్న చిట్టీ రాసి మన కంప్యూటర్‌కు పంపుతుంది. ఎస్‌ఫ్లో వేరే దారిలో నడుస్తుంది: నెట్‌లో డేటా చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా పోతుంది; ఉదాహరణకు వెయ్యి ప్యాకెట్లకు ఒకటి చొప్పున నమూనా తీసి అంచనా కడుతుంది. పెద్ద స్విచ్చులకు అది తేలిక గానీ, చిన్న చిన్న సంభాషణలు ఆ జల్లెడలోంచి జారిపోతాయి. ఎక్కువ తినేవాడిని పట్టుకోవడానికి అది చాలు. ఎవరెవరు ఎక్కడికి వెళ్లారన్న పూర్తి పద్దు కావాలంటే చాలదు.

ముంత ముంచి చూడటమంటే ప్యాకెట్లనే పట్టుకోవడం. టీసీపీడంప్, వైర్‌షార్క్ ఆ పని చేస్తాయి. వైర్‌షార్క్ 1998లో ఈథీరియల్ అన్న పేరుతో పుట్టి 2006లో ఇప్పటి పేరు తెచ్చుకున్నది. ఇది చాలా లోతుగా చూసే సాధనం కాబట్టే రోజూ వాడేది కాదు. 100 ఎంబీపీఎస్ లైను నిండుగా పారుతుంటే ప్యాకెట్లన్నీ దాచడానికి గంటకు 45 జీబీ కావాలి, రోజుకు ఒక టీబీ దాటుతుంది. ఇంకొక సంగతి కొత్తవారిని తరచూ మోసం చేస్తుంది: ల్యాప్‌టాప్‌ను స్విచ్చులో ఏదో ఒక పోర్టుకు తగిలించి వైర్‌షార్క్ తెరిస్తే కనిపించేవి ఆ ల్యాప్‌టాప్ ప్యాకెట్లు, అందరికీ పోయే బ్రాడ్‌కాస్ట్ కేకలు మాత్రమే. మిగతావారి ట్రాఫిక్ చూడాలంటే ఒక పోర్టు ట్రాఫిక్ నకలును మరో పోర్టుకు పంపే మిర్రరింగ్ ఉన్న మేనేజ్డ్ స్విచ్ (లాగిన్ పేజీ ఉండి సెట్టింగులు మార్చుకోగలది) కావాలి.

మీ పెట్టె ఏం చెప్పగలదో చూసుకోండి

సాఫ్ట్‌వేర్ వెతకడానికి ముందు ఒక పూట కేటాయించి మీ ర్యాక్ ముందు నిలబడండి. ప్రతి పరికరం మోడల్ నంబర్ కాగితం మీద రాసుకుని, దాని లాగిన్ పేజీలో ఎస్ఎన్ఎంపీ ఉన్నదా, ఫ్లో చిట్టీలు పంపగలదా, పోర్టు మిర్రరింగ్ ఉన్నదా అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఎన్నో సంస్థల్లో ఈ కాగితం పూర్తయ్యేసరికే సగం ఎంపిక అయిపోతుంది, ఎందుకంటే మూడు గళ్లలోనూ ‘లేదు’ అన్న జవాబే వస్తుంది.

ఫైబర్ తీగ వచ్చి చేరే, ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీ పెట్టె సాధారణంగా ఈ కోవలోనిదే. ఎవరెవరు కనెక్ట్ అయ్యారో ఒక జాబితా చూపుతుంది, అంతకు మించి నోరు విప్పదు. అటువంటప్పుడు ఆ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (లైనును అలాగే వెనక్కి దాటించే తీరులో) పెట్టమని ఆపరేటర్‌ను అడిగి, దాని వెనుక మన సొంత రౌటర్ పెట్టుకోవడమే సరైన దారి. మైక్రోటిక్ రౌటర్ అయితే గ్రాఫులు, ఎస్ఎన్ఎంపీ, ఫ్లో ఎగుమతి, అప్పటికప్పుడు చూసే టార్చ్ అన్నీ అందులోనే ఉంటాయి. పాత డెస్క్‌టాప్ ఖాళీగా ఉంటే రెండో ల్యాన్ కార్డు వేసి కంప్యూటర్‌ను రౌటర్‌గా మార్చే ఓపీఎన్‌సెన్స్ గానీ పీఎఫ్‌సెన్స్ గానీ ఎక్కించవచ్చు. మొదటిదానిలో ఫ్లో లెక్కలు చూపే పేజీ అందులోనే ఉంటుంది, రెండోదానిలో ఎవరు ఎంత వాడుతున్నారో చూపే ఎన్‌టాప్‌ఎన్‌జీని ప్యాకేజీగా చేర్చుకోవచ్చు. చిన్న ఆఫీసులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించగల వైఫై రౌటర్ ఉంటే, ఎన్ఎల్‌బీడబ్ల్యూమాన్ అనే చిన్న ప్రోగ్రాం ఒక్కో పరికరం నెలకు ఎంత వాడిందో చెబుతుంది. వేలు పోసి సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనేకంటే ఆ డబ్బుతో మాట్లాడగల రౌటర్ ఒకటి, మేనేజ్డ్ స్విచ్ ఒకటి కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. మంచి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మూగ పెట్టెకు మాటలు ఏ సాఫ్ట్‌వేరూ నేర్పలేదు.

మా కళాశాలలో చివరికి జరిగింది కూడా ఇంతే. అక్కడి రౌటర్ మైక్రోటిక్‌దే. మూడో వారంలో ఒక మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మైక్రోటిక్‌ను నడిపే విన్‌బాక్స్ ప్రోగ్రాం తెరిచి, లోపలి ల్యాన్ పోర్టు మీద టార్చ్ నడిపి, బయటికి పంపే వేగం ప్రకారం వరుస పెట్టాను. వరుసలన్నీ కిలోబిట్లలో మిణుకుమిణుకుమంటుంటే, 47తో ముగిసే ఒక్క చిరునామా మాత్రం 38 ఎంబీపీఎస్ దగ్గర కదలకుండా నిలబడి ఉంది. మా లైను లోపలికి 200 ఎంబీపీఎస్, బయటికి 40. పరికరానికి తయారీలోనే పడే మ్యాక్ చిరునామాలోని మొదటి ఆరు అక్షరాలను బట్టి అది సీసీ కెమెరాల కంపెనీ తయారీ అని తెలిసింది. తీగ పట్టుకుని పోతే స్టాఫ్ రూంలో బీరువా మీద, దుమ్ము పట్టిన టేబుల్ క్లాత్ కింద, కెమెరాల రికార్డర్ దొరికింది. అది రోజూ తన రికార్డింగులను కరీంనగర్‌లోని మరో శాఖకు కాపీ చేస్తున్నది. బిగించినవారు రాత్రి రెండు గంటలకే పెట్టారు గానీ, రికార్డర్ గడియారం పన్నెండు గంటలు తేడాగా ఉంది. అరవై వేల రూపాయల సర్వర్ కొనాలన్న ప్రతిపాదన అప్పటికే కమిటీ ముందుకు వెళ్లి ఉన్నది.

బయటికి పోయే దారి నిండితే లోపలికి వచ్చేది ఎందుకు మందగించాలన్న సందేహం ప్రిన్సిపాల్‌గారికి వచ్చింది; చాలామందికి వస్తుంది. మనం దించుకునే ప్రతి ఫైలుకూ ‘అందింది’ అనే చిన్న రసీదు ప్యాకెట్లు ఎదురు దిశలో పోతూ ఉండాలి. ఆ దిశ కిక్కిరిసి ఉంటే రసీదులు వరుసలో నిలబడిపోతాయి, అవి అందక అవతలి సర్వర్ తన వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి మీరు ఎంచుకునే సాధనం రెండు దిశలనూ విడివిడిగా చూపాలి. రెండింటినీ కలిపి ఒకే గీతగా చూపేదాన్ని పక్కన పెట్టండి.

లెక్కలు తప్పే చోట్లు

సాధనం సరైనదే అయినా అంకెలు అబద్ధం చెప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. వీటిని తెలుసుకోకుండా గ్రాఫు పట్టుకుని ఆపరేటర్‌తో వాదానికి దిగితే మనమే తలదించుకోవలసి వస్తుంది.

మొదటిది బిట్లకూ బైట్లకూ ఉన్న తేడా. ఆపరేటర్ అమ్మే 100 అన్నది మెగాబిట్లలో ఉంటుంది. బ్రౌజర్ డౌన్‌లోడ్ దగ్గర చూపేది మెగాబైట్లలో. ఎనిమిదితో భాగిస్తే 12.5 వస్తుంది. లైను నిండుగా వస్తున్నా మోసపోయామని ఫోన్ చేసేవారు ఇప్పటికీ ఉన్నారు.

రెండోది కౌంటర్ చుట్టు తిరగడం. పాత పద్ధతి కౌంటర్ 32 బిట్లది; 4,29,49,67,296 బైట్లు దాటగానే స్కూటర్ మీటరులా మళ్లీ సున్నాకు వస్తుంది. 100 ఎంబీపీఎస్ నిండుగా పారితే అది జరగడానికి 5 నిమిషాల 43 సెకన్లు పడుతుంది, కాబట్టి ఐదు నిమిషాలకు ఒకసారి అడిగే సాధనం ఎలాగో నెట్టుకువస్తుంది. లైను 200 అయితే మూడు నిమిషాల్లోపే చుట్టు పూర్తవుతుంది, 1 జీబీపీఎస్ అయితే 34 సెకన్లే. మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో సాధనానికి తెలియదు గనుక, లైను ఎంత నిండితే గ్రాఫు అంత తక్కువ చూపే విడ్డూరం జరుగుతుంది. దీనికి విరుగుడు 64 బిట్ల కౌంటర్. అది ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 2సీ నుంచి అందుతుంది. వెర్షన్ 1తో జోడించి వదిలేసిన పరికరాలు మీ దగ్గర ఉంటే ఈ పూటే మార్చండి.

మూడోది సగటు. ఐదు నిమిషాల్లో 30 సెకన్లు లైను 100 ఎంబీపీఎస్ నిండుగా పారి, మిగతా 270 సెకన్లు 10 ఎంబీపీఎస్ చొప్పున పారిందనుకుందాం. గ్రాఫు మీద పడే చుక్క 19 దగ్గర ఉంటుంది. ఆ 30 సెకన్లలో ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న పిల్లవాడి తెర గడ్డకట్టింది, కానీ గ్రాఫు చూసినవారికి లైను ఐదో వంతు కూడా వాడలేదనిపిస్తుంది. బయటి లైను ఉన్న ఒక్క పోర్టుకైనా నిమిషానికి ఒకసారి, వీలైతే 30 సెకన్లకు ఒకసారి అడిగేలా పెట్టుకోండి. పాత లెక్కలను కుదించి దాచే ఆర్ఆర్‌డీటూల్ వంటి వ్యవస్థల్లో నెలల తర్వాత శిఖరాలు అరిగిపోతాయి. సగటుతో పాటు గరిష్ఠాన్ని కూడా దాచేలా పెట్టారో లేదో మొదటి రోజే చూసుకోవాలి, తర్వాత పోయినదాన్ని తెచ్చుకోలేము.

లీజు లైను (సంస్థలకు ప్రత్యేకంగా ఇచ్చే లైను) తీసుకున్నవారికి 95వ పర్సెంటైల్ అన్న మాట ఒప్పందంలో కనబడవచ్చు. ఐదు నిమిషాలకు ఒక చుక్క చొప్పున 30 రోజులకు 8,640 చుక్కలు వస్తాయి. వాటిని పెద్దదాని నుంచి చిన్నదాకా పేర్చి పైనున్న 432 తీసివేస్తే, ఆ తర్వాత మిగిలిన మొదటి అంకె మీద బిల్లు వేస్తారు. అంటే నెలలో 36 గంటల ఉధృతి లెక్కలోకి రాదు. మీ ఒప్పందం ఇటువంటిదైతే ఆ అంకెను తనంతట తానే కట్టే సాధనాన్ని ఎంచుకోండి. ఇళ్లకిచ్చే ఫైబర్ ప్లాన్లలో లెక్క వేరు: ‘అన్‌లిమిటెడ్’ వెనుక నెలకు 3300 జీబీ హద్దు ఉన్న ప్లాన్లు చాలా ఉన్నాయి. రోజుకు 110 జీబీ, అంటే రాత్రింబవళ్లు ఆగకుండా 10 ఎంబీపీఎస్ చొప్పున పారినంత. ఒక కుటుంబానికి అది ఎక్కువే. అటువంటి ప్లానునే నలభై మంది ఉండే హాస్టల్‌కు తగిలిస్తే నెల మధ్యకు రాకముందే తెలిసివస్తుంది.

ఏ చోటికి ఏ సాధనం

ఏనుమాముల మార్కెట్ దగ్గర మూడు కంప్యూటర్లున్న అడ్తి దుకాణానికి ఈ హంగామా ఏదీ అక్కరలేదు. విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి నెట్‌వర్క్ పేజీలో చూస్తే ఏ ప్రోగ్రాం ఎంత పంపుతున్నదో అప్పటికప్పుడు తెలుస్తుంది. బ్యాకప్ గానీ విండోస్ అప్‌డేట్ గానీ అక్కడే దొరికిపోతుంది. లైనక్స్ అయితే ప్రోగ్రాం వారీగా నెట్‌హాగ్స్, సంభాషణల వారీగా ఐఎఫ్‌టాప్, రోజువారీ నెలవారీ మొత్తాలకు వీఎన్‌స్టాట్ చాలు.

ఒకే ఒక్క లైను, దాని మీద ఒక గీత కావాలనుకుంటే ఎంఆర్‌టీజీ ఇప్పటికీ పనికొస్తుంది. బయటి ప్రపంచానికి ఒకే 64 కిలోబిట్ల లైను ఉన్న చోట పనిచేస్తూ, అది ఎలా నడుస్తున్నదో అందరికీ చూపడానికి టోబీ ఓటికర్ రాసిన ప్రోగ్రాం అది, 1995లో విడుదలైంది. ముప్పై ఏళ్ల నాటి ఆ ఆకుపచ్చ, నీలం గ్రాఫును ఇప్పటికీ చూసి అర్థం చేసుకోలేనివారు నాకు కనబడలేదు.

పది, ఇరవై మేనేజ్డ్ స్విచ్చులున్న ఇంజనీరింగ్ కళాశాలకు, ఆసుపత్రికి లిబ్రేఎన్ఎంఎస్ నా మొదటి ఎంపిక. అబ్జర్వియం నుంచి 2013లో విడిపోయి వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఒక స్విచ్ చూపితే పక్కనున్నవాటిని అదే వెతుక్కుంటుంది, పోర్టుల గ్రాఫులు తానే గీస్తుంది. సర్వర్లు, డేటాబేస్‌లు, ప్రింటర్లు అన్నీ ఒకే చోట చూడాలనుకునేవారికి, నేర్చుకోవడానికి నెల రోజులు పెట్టగలవారికి జబ్బిక్స్ మంచిది. జబ్బిక్స్ పుట్టింది లాత్వియాలోనే, మైక్రోటిక్ పుట్టిందీ అక్కడే. మన ఉమ్మడి వరంగల్ కంటే తక్కువ జనాభా ఉన్న దేశం మన ర్యాకుల్లో ఇంత చోటు సంపాదించింది. విండోస్ తప్ప మరోటి తెలియని సిబ్బంది ఉన్నచోట పీఆర్‌టీజీ తేలిగ్గా నడుస్తుంది, కానీ దాని లైసెన్సు సెన్సర్ల లెక్కన ఉంటుంది. ఒక పోర్టు ట్రాఫిక్‌కు ఒక సెన్సర్ అంటే 24 పోర్టుల స్విచ్ ఒక్కటే 24 మింగుతుంది. కొనే ముందు పోర్టులన్నీ కూడుకుని చూడండి, అన్ని పోర్టులూ నిజంగా చూడాలా అని కూడా ఆలోచించండి.

ఎవరు తింటున్నారన్న ప్రశ్న రోజూ వచ్చే చోట, అంటే హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్లలో, పై వాటితో పాటు ఫ్లో లెక్క కావాలి. ఎన్‌టాప్‌ఎన్‌జీ చూడటానికి బాగుంటుంది, మిర్రర్ పోర్టు నుంచి నేరుగా చదువుతుంది. రౌటర్ పంపే నెట్‌ఫ్లోను అందులోకి తేవాలంటే మాత్రం అదే సంస్థ విడిగా అమ్మే ఎన్‌ప్రోబ్ మధ్యలో కావాలి. ఎక్కించిన తర్వాత ఈ సంగతి తెలిసి నిట్టూర్చినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ ఖర్చు వద్దనుకుంటే ఎన్ఎఫ్‌డంప్ ఉచితం. రంగురంగుల పేజీలు లేవు, కమాండ్ రాసి అడగాలి. ‘నిన్న రెండు నుంచి నాలుగు మధ్య ఎక్కువ పంపిన పది చిరునామాలు’ అని అడిగితే పది వరుసల్లో జవాబు వస్తుంది. నిన్నటి సంగతి ఈ రోజు చెప్పగలగడమే దాని విలువ. టార్చ్‌కు ఆ జ్ఞాపకం లేదు, తెరిచి ఉన్నంతసేపే చూస్తుంది. అదీగాక స్విచ్ చిప్‌లోనే ఒక పోర్టు నుంచి మరో పోర్టుకు పోయే ట్రాఫిక్ టార్చ్‌కు అసలు కనిపించదు.

ఆలస్యం లెక్క

ఎంత పారిందన్నది మాత్రమే చూసేవారు సగం జబ్బులను గుర్తించలేరు. స్మోక్‌పింగ్ అనే సాధనం, ఇది కూడా టోబీ ఓటికర్ చేతిదే, ఐదు నిమిషాలకు ఒకసారి 20 పింగ్‌లు (‘ఉన్నావా’ అని అడిగి జవాబు కోసం చూసే చిన్న ప్యాకెట్లు) పంపి వాటి ఆలస్యం ఎంతెంత మారిందో పొగలా పరిచి, దారిలో పోయినవాటిని రంగులతో చూపుతుంది. దానికి మూడు గురులు పెట్టండి: మీ రౌటర్, ఆపరేటర్ వైపున్న మొదటి గేట్‌వే, బయటి ప్రపంచంలో గూగుల్ వారి 8.8.8.8 వంటి స్థిరమైన చిరునామా. మొదటిదానిలోనే పొగ లేస్తే జబ్బు మీ భవనంలో ఉంది. రెండోదానిలో మొదలైతే స్తంభాల మీది తీగలోనో, మీ లైను కిక్కిరిసిపోవడంలోనో ఉంది; అదే సమయానికి ట్రాఫిక్ గ్రాఫు ఖాళీగా ఉంటే మీది తప్పు కాదని తేలిపోతుంది. కోతులు ఫైబర్ పట్టుకుని ఊగే మన ఊళ్లలో ఇది తరచూ అక్కరకొచ్చే ఆధారం. ‘నెట్ స్లో’ అన్న ఫిర్యాదుకూ, సమయాలతో సహా పంపిన ఈ బొమ్మకూ ఆపరేటర్ ఆఫీసులో దక్కే మర్యాద వేరు.

భవనం లోపలి తీగలను పరీక్షించడానికి ఐపెర్ఫ్3 ఉంది. రెండు ల్యాప్‌టాప్‌లను రెండు కొసల పెట్టి నడిపితే, గిగాబిట్ ఉండవలసిన చోట 94 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతే, ఇక సాఫ్ట్‌వేర్‌లో వెతకనక్కరలేదు. గిగాబిట్‌కు తీగలోని నాలుగు జతలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. ఎక్కడో ఒక జత తెగింది, లేదా క్రింపింగ్ సరిగా లేదు. ప్యాచ్ కార్డు మార్చి చూడండి.

కనబడనివి

ఇప్పుడు వెబ్ ట్రాఫిక్‌లో అత్యధిక భాగం ఎన్‌క్రిప్ట్ అయి పోతుంది కాబట్టి, ఏ సాధనమైనా ఏ సంస్థ సర్వర్‌కు ఎంత పోయిందో చెబుతుంది గానీ లోపల ఏముందో చెప్పలేదు. పిల్లలు ఏ వీడియో చూస్తున్నారో చూపుతామని అమ్మకానికి వచ్చేవారి మాట నమ్మే ముందు, మీ ఫోన్‌లోనే ప్రత్యక్షంగా చూపమని అడగండి.

పరికరాన్ని గుర్తించడంలోనూ చిక్కు ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైలో సొంత మ్యాక్ చిరునామా దాచి కల్పిత చిరునామా చూపుతున్నాయి. చిరునామాలో రెండో అక్షరం 2, 6, ఏ, ఈలలో ఒకటైతే అది కల్పితమని గుర్తు. మా రికార్డర్‌ను పట్టిచ్చిన ఉపాయం విద్యార్థి ఫోన్ల దగ్గర పనిచేయదు. హాస్టళ్లలో ఒక్కొక్కరికీ లాగిన్ ఇచ్చి, లెక్కను లాగిన్ పేరు మీద కట్టుకోవడమే దారి. ఇక ఐపీవీ6 (ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త తరహా చిరునామాలు) ఇస్తున్న లైను మీద ఐపీవీ4ను మాత్రమే లెక్కించే సాధనం పెడితే మొత్తాలు ఎప్పటికీ సరిపోవు. టార్చ్‌లో కూడా ఐపీవీ6 గడిని విడిగా టిక్ చేయాలి.

తాళాలు, రికార్డులు

ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 1, 2సీలలో సంకేతపదం బాహాటంగా తీగ మీద పోతుంది. పైగా ఎన్నో పరికరాల్లో అది ‘పబ్లిక్’ అన్న మాటతోనే వస్తుంది. దాన్ని మార్చండి, చదివే హక్కు మాత్రమే ఇవ్వండి, మీ పర్యవేక్షణ కంప్యూటర్ చిరునామాకు తప్ప జవాబు చెప్పవద్దని పరికరానికి చెప్పండి. వెర్షన్ 3 ఉంటే అదే వాడండి. 161 పోర్టు బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉండకూడదు. ఇంటి నుంచి గ్రాఫులు చూడాలనుకునేవారు వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ ద్వారా చూడటం మేలు, ఆపరేటర్ ఒకే బయటి చిరునామాను చాలామందికి పంచే లైన్ల మీద (100.64 నుంచి 100.127 దాకా మొదలయ్యే చిరునామాలు అందుకు గుర్తు) నేరుగా లోపలికి రావడం ఎలాగూ కుదరదు.

ఫ్లో లెక్క మనుషుల అలవాట్ల లెక్క కూడా అవుతుంది. ఏం దాస్తున్నారో, ఎన్నాళ్లు దాస్తున్నారో విద్యార్థులకు, సిబ్బందికి నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని దృష్టిలో పెట్టుకోండి. మరోవైపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను (పరికరాలు రాసే పద్దులను) 180 రోజులు భద్రపరచాలి, పరికరాల గడియారాలను నెట్ మీద సమయం సరిచూసే ఎన్‌టీపీ ద్వారా సరిపెట్టుకోవాలి. గడియారం సంగతి కాగితం కోసమే అనుకోవద్దు. మా మూడు వారాల తిప్పలకు మూలం ఒక తప్పు గడియారమే.

హెచ్చరిక ఎటు నుంచి రావాలి

లైను పోతే ఫోన్‌కు సందేశం రావాలని అందరూ కోరుకుంటారు, ఆ సందేశం కూడా అదే లైను మీద పోవాలన్నది మరిచిపోతారు. రెండో లైను ఉంటే హెచ్చరికలను దాని గుండా పంపండి. లేకపోతే బయట ఇంకో చోట ఉన్న కంప్యూటర్ నుంచి మీ లైనును చూసేలా పెట్టండి. కరెంటు పోయినప్పుడు రౌటర్, ఓఎన్‌టీ, పర్యవేక్షణ కంప్యూటర్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి, లేకుంటే కరెంటు పోయిన ప్రతిసారీ గ్రాఫులో పళ్లు ఊడినట్టు ఖాళీలు కనిపిస్తాయి. హెచ్చరికలు తక్కువ పెట్టుకోండి. 80 శాతం దాటగానే మోగమంటే కాకతీయ విశ్వవిద్యాలయం ఫలితాలు వచ్చిన రోజు మీ ఫోన్ ఆగకుండా మోగుతుంది, రెండో వారానికి మీరే దాని నోరు మూసేస్తారు. పదిహేను నిమిషాలు ఎడతెగకుండా నిండి ఉంటేనే, అదీ పని వేళల్లోనే చెప్పమనడం సరిపోతుంది. ఉండవలసిన ట్రాఫిక్ లేనప్పుడు చెప్పమనడం కూడా నేర్చుకోండి.

ఆ కళాశాలలో రికార్డర్ గడియారం సరిచేశాక కాపీ పని రాత్రి రెండు గంటలకు మారింది. అప్పటినుంచి గ్రాఫు మీద రోజూ తెల్లవారుజామున బయటి దిశలో 38 దగ్గర ఒక చదునైన అరుగు కనిపించేది. నాలుగైదు నెలల తర్వాత ఒక సోమవారం ఉదయం చూస్తే ఆ అరుగు లేదు. ఆదివారం కూడా లేదు. బీరువా ఎక్కి చూస్తే రికార్డర్ దీపం వెలుగుతూనే ఉంది, తెర మీద కెమెరాలన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. లోపలి హార్డ్ డిస్క్ మాత్రం శనివారం సాయంత్రమే చనిపోయింది.